సరుగుడు కొమ్మలతో క్రిస్మస్ రీత్: విశాఖ ఉప్పుగాలికి నిలిచేలా కట్టుకునే పద్ధతి

విశాఖపట్నంలో డిసెంబరు వచ్చిందంటే రీత్ అనే మాట రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. నాలుగో తేదీన నౌకాదళ దినోత్సవం నాడు ఆర్.కె. బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర, 1971 యుద్ధంలో ప్రాణాలర్పించిన వారికి అధికారులు పూల వలయం ఉంచి వందనం చేస్తారు. అదే నెలలో క్రైస్తవుల ఇళ్ల గుమ్మాలకు, చర్చి తలుపులకు పచ్చని వలయాలు వెలుస్తాయి. రెంటికీ మన వాడుకలో పేరు ఒక్కటే కనుక, పూల దుకాణానికి వెళ్లి ఊరికే రీత్ కావాలంటే దుకాణదారు ఏది అనుకుంటాడో ముందుగా ఆలోచించుకోవాలి. కొన్నేళ్ల క్రితం పూర్ణా మార్కెట్‌లో నేను అలాగే అడిగాను. దండ కడుతున్న పెద్దాయన చేతిలోని నార పక్కన పెట్టి, గొంతు తగ్గించి, “ఎవరమ్మా పోయారు? పెద్దోళ్లా?” అన్నాడు. క్రిస్మస్‌కు తలుపుకు కట్టుకునేదని చెప్పాక ఆయన ముఖం తేటపడింది. తాను కట్టే చట్రం చూపించాడు. వెదురు బద్దను గుండ్రంగా వంచి, దాని మీద ఎండుగడ్డిని పురికొసతో బిగించి చుట్టాడు. పూలు ఇంకా గుచ్చనే లేదు, అయినా రెండు చేతులతో మెలిపెట్టినా అది కదలలేదు. రీత్ కట్టడంలో సగం పని చట్రంలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కింద చెప్పేదంతా మన ఊళ్లో దొరికే వస్తువులతో, సముద్రపు తేమను తట్టుకునేలా ఇంట్లోనే రీత్ కట్టుకునే పద్ధతి. పని మొదలుపెట్టే ముందు ఈ ఆచారం ఎక్కడిదో కొంచెం తెలుసుకుంటే, ఏ ఆకు ఎందుకు పెడుతున్నామో తెలిసి కట్టవచ్చు.

వలయం ఎక్కడి నుంచి వచ్చింది

ఆకుల వలయాన్ని గౌరవ చిహ్నంగా వాడడం క్రైస్తవం కంటే పాతది. ప్రాచీన గ్రీసులో ఒలింపియా క్రీడల విజేతకు ఆలివ్ కొమ్మల కిరీటాన్ని, డెల్ఫీ క్రీడల విజేతకు లారెల్ ఆకుల కిరీటాన్ని పెట్టేవారు. రోమన్లు యుద్ధంలో గెలిచి వచ్చిన సేనానికి లారెల్ కిరీటం పెట్టారు. ఐరోపాలోని క్రైస్తవులు ఆ వలయానికి తమ విశ్వాసాన్ని బట్టి అర్థం చెప్పుకున్నారు. మొదలూ తుదీ లేని గుండ్రదనాన్ని నిత్యజీవానికి, మంచు కురిసే కాలంలో కూడా ఆకు రాల్చని ఫర్, పైన్, హోలీ అనే చెట్ల కొమ్మల పచ్చదనాన్ని వాడిపోని నిరీక్షణకు గుర్తుగా తీసుకున్నారు. హోలీ ఆకు అంచున ఉండే ముళ్లలో క్రీస్తు ముళ్ల కిరీటాన్ని, దాని ఎర్రని కాయల్లో రక్తబిందువులను చూశారు.

క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో బల్ల మీద కొవ్వొత్తులతో పెట్టే రీత్‌కు మాత్రం ఒక మనిషి పేరు, ఒక సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పేద పిల్లల కోసం రౌహెస్ హౌస్ అనే ఆశ్రమం నడిపిన లూథరన్ పాస్టరు యోహాన్ హిన్రిక్ విఖెర్న్, క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లని రోజూ అడిగే పిల్లల కోసం 1839లో ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగిలిన రోజులకు చిన్న ఎర్రవి పెట్టి, రోజుకొకటి చొప్పున వెలిగించుకుంటూ పిల్లలు పండుగ దాకా లెక్కపెట్టుకునేలా చేశాడు. తరువాతి కాలంలో ఇళ్లలో నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులే మిగిలాయి. లూథరన్ ఇళ్ల నుంచి ఈ అలవాటు కాథలిక్ చర్చిలోకి రావడానికి ఇంచుమించు తొంభై ఏళ్లు పట్టింది.

మన ఊరికి సువార్త రావడం పాత సంగతే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖలో దిగి తెలుగులో సువార్తల అనువాదానికి పూనుకున్నారు; 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చారు. అయినా తలుపుకు రీత్ కట్టడం నా చిన్నతనంలో మా వీధిలో లేదు. వాకిట్లో వెదురు బద్దల మీద రంగు కాగితం అంటించిన నక్షత్రం, గుమ్మానికి మామిడాకుల తోరణం, లోపల క్రీస్తు పుట్టిన పశువుల పాక బొమ్మ, అంతే మా అలంకారం. అందుకే రీత్‌ను పరాయి వస్తువుగా కాక తోరణానికి చుట్టంగా చూడమని నా సలహా. గుమ్మానికి పచ్చని ఆకు కడితే ఇంటికి శుభమని నమ్మే చేతులకు దీన్ని కట్టడం కొత్త పనేమీ కాదు. ఇక్కడ డిసెంబరులో మంచు లేదు కనుక ఫర్ కొమ్మ కోసం వెతుక్కోనక్కరలేదు. ఏడాది పొడవునా ఉప్పుగాలిలో పచ్చగా నిలిచే సరుగుడు మన తీరానికి సరైన చెట్టు.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత కొలత ఉండాలి

ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం నాడు, అంటే నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య మొదలవుతుంది. ఆ రోజే గుమ్మానికి కట్టాలనుకుంటే చట్రాన్ని నవంబరు రెండో వారంలో తయారుచేసి ఆరబెట్టండి. పచ్చని కొమ్మలను ఆగమన ఆదివారానికి ముందు శనివారం కట్టండి. మన గాలిలో ఏ పచ్చకొమ్మా నెల రోజులు నిలవదు కాబట్టి డిసెంబరు 21, 22 తేదీల్లో కొమ్మలు మార్చవలసి ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోండి. రెండుసార్లు చేసే ఓపిక లేనివారు ఆగమన కాలమంతా ఉత్త చట్రానికి ఒక ఊదారంగు రిబ్బను మాత్రమే కట్టి ఉంచి, పండుగకు మూడు రోజుల ముందు పచ్చదనం తొడగవచ్చు. నాకు ఆ పద్ధతి ఎక్కువ ఇష్టం. ఎదురుచూసే రోజుల్లో బోసిగా ఉన్న వలయం పండుగ నాటికి నిండుగా కనిపిస్తుంటే పిల్లలకు ప్రత్యేకంగా ఏమీ వివరించనక్కరలేదు.

కొలత తలుపును బట్టి ఉండాలి. తలుపు వెడల్పులో సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా రీత్ ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. మూడు అడుగుల తలుపుకు 18 నుంచి 22 అంగుళాలు సరిపోతాయి. కొమ్మలు చట్రానికి అన్ని వైపులా మూడేసి అంగుళాలు బయటికి వస్తాయి కనుక 18 అంగుళాల రీత్ కావాలంటే చట్రం 12 అంగుళాలు ఉంటే చాలు. మొదటిసారి కట్టేవారు చాలామంది ఈ సంగతి మరచి పెద్ద చట్రం చేసి, చివరికి తలుపుకు మించిన వలయంతో ఇబ్బంది పడతారు.

చట్రం

ఇంట్లో చేసుకోవడానికి తిప్పతీగ అన్నిటికంటే అనువైనది. ఖాళీ స్థలాల ప్రహరీల మీద, వేపచెట్ల మీద ఇది విరివిగా అల్లుకొని ఉంటుంది; ఆ స్థలం ఎవరిదో వారిని అడిగి, చిటికెన వేలంత లావున్న తీగను పన్నెండు, పదమూడు అడుగుల పొడవున కోసుకోండి. ఆకులు దూసి, కిందికి దారాల్లా వేలాడే వేళ్లను తుంచి, కాగితంలా ఊడి వచ్చే పై పొరను చేత్తో రుద్ది తీసేయండి. తీగ పచ్చిగా ఉండగానే అడుగు వెడల్పున్న డేకిసాను బోర్లించి దాని చుట్టూ మూడు చుట్లు వేయండి. ఒక చుట్టు పొడవు దాదాపు 38 అంగుళాలు. మూడు చుట్లు పూర్తయ్యాక మిగిలిన కొసను ఆ మూడు తీగల మధ్య నుంచి లోపలికీ బయటికీ తిప్పుతూ జడలా అల్లి, చివరను రెండు పోగుల మధ్య దోపండి. నాలుగు చోట్ల పురికొసతో కట్టి డేకిసా నుంచి తీయండి.

తిప్పతీగతో ఒక చిక్కు ఉంది. కోసిన తరువాత కూడా అది చాలా రోజులు ప్రాణంతోనే ఉంటుంది, తేమ తగిలితే చిగురు కూడా వేస్తుంది. పైగా కండగల తీగ కాబట్టి ఎండేకొద్దీ సన్నబడి కట్లు వదులవుతాయి. అందుకని వారం రోజులు మేడ మీద ఎండలో ఉంచి, రాత్రిళ్లు మంచు తగలకుండా లోపలికి తెచ్చి, పూర్తిగా ఎండాక కట్లన్నీ విప్పి మళ్లీ బిగించండి. రెండోసారి బిగించిన ఆ చట్రం జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి ఉంటుంది. మా ఇంట్లో ఉన్న దానికి ఇప్పటికి ఆరు క్రిస్మస్‌లు వెళ్లాయి. తీగలు నునుపెక్కి ముదురు గోధుమరంగుకు తిరిగాయి.

తీగ దొరకనివారు బుట్టలు అల్లే మేదరివారి దగ్గర వెదురు బద్దతో జంట వలయం చేయించుకోవచ్చు. చర్చి పెద్ద తలుపులకైతే పాత సైకిల్ రిమ్ము చక్కగా పనికొస్తుంది. మేస్త్రీలు కమ్మీలు కట్టడానికి వాడే నల్లని బైండింగ్ వైరును మాత్రం నేను సిఫారసు చేయను. వంచడానికి సులువే కానీ సముద్రపు గాలికి రెండు వారాల్లో తుప్పు పట్టి, తెల్ల తలుపు మీద ఎర్రని చారలు దించుతుంది. ఆ మరకను సబ్బుతో ఎంత తోమినా పోలేదు. తీగే వాడాలనుకుంటే జింకు పూత ఉన్న జీఐ వైరు, లేదా మోటారు వైండింగ్ షాపుల్లో విప్పి పారేసే సన్నని రాగి తీగ తీసుకోండి. కొమ్మలు కట్టడానికి అన్నిటికంటే మంచిది మన ఉత్తరాంధ్ర గోగునార పురికొస. నైలాన్ దారపు ముడి జారుతుంది, గోగునార ముడి జారదు; పైగా దాని రంగు ఆకుల మధ్య కనిపించదు.

పచ్చదనం: ఏది, ఎక్కడి నుంచి

సరుగుడు కొమ్మను దగ్గరగా పట్టుకొని చూడండి. మనం ఆకులనుకునే ఆ పచ్చని సూదులు నిజానికి సన్నని రెమ్మలు. ఒక సూదిని రెండు వేళ్లతో లాగితే కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ కంటికి ఆననంత చిన్న పొలుసుల వరుస ఉంటుంది. అసలు ఆకులు ఆ పొలుసులే. ఆకు అంత చిన్నది కావడం వల్ల చెట్టు నీటిని పొదుపు చేసుకుంటుంది, ఉప్పుగాలిని తట్టుకుంటుంది. కోసిన కొమ్మ ఎండినప్పుడు రాలిపోవడం కూడా ఆ కణుపుల దగ్గరే జరుగుతుంది. అందువల్ల సరుగుడును వీలైనంత తాజాగా కట్టాలి, కట్టేటప్పుడు రెమ్మలను ఎక్కువగా దువ్వకూడదు, నలపకూడదు.

బీచ్ వెంబడి ఉన్న సరుగుడు తోటల నుంచి, అటవీ శాఖ పెంచే తోటల నుంచి ఒక్క రెమ్మ కూడా విరవకండి. రిజర్వు అడవిలో కొమ్మ నరకడం చట్టరీత్యా నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగా వెళ్లినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో చూసినవారెవరికీ తీరంలోని చెట్టు మీద చెయ్యి వేయబుద్ధి కాదు. ఆ తోటలు గాలికి, ఇసుకకు అడ్డుగా నిలవడానికి పెంచినవి. ఆ ఏడాది డిసెంబరులో పచ్చకొమ్మ అడగడానికి మాకు మనసు రాలేదు; మట్టల ఆదివారానికి అల్లినట్టే తాటాకును చీల్చి, అల్లి, చట్రానికి చుట్టి గుమ్మానికి కట్టాం. లేత పసుపురంగులో ఉన్న ఆ రీత్ నేను కట్టినవాటన్నిటిలోకీ ఎక్కువ కాలం నిలిచింది. పచ్చకొమ్మ దొరకనివారికి, నెల రోజులు మార్చకుండా ఉంచాలనుకునేవారికి ఇప్పటికీ నేను తాటాకునే చెబుతాను.

సరుగుడు కావలసినవారు రైతును అడగండి. విశాఖ చుట్టుపక్కల, అనకాపల్లి, విజయనగరం జిల్లాల్లో రైతులు కర్ర కోసం సరుగుడు వేస్తారు. కోత సమయంలో వారికి కావలసింది మాను; కొసకొమ్మలు వంటచెరకుగా పోతాయి. ముందుగా మాట్లాడుకుంటే నామమాత్రపు ధరకు ఒక మోపు ఇస్తారు. ఒక్క రీత్‌కు రెండు కిలోల కొమ్మలు చాలు కనుక నలుగురైదుగురు కలిసి తెచ్చుకోవడం మంచిది.

సరుగుడు ఒక్కటే కడితే వలయం కొంచెం పలచగా, జుట్టు చెదిరినట్టు కనిపిస్తుంది. దానికి వెడల్పాటి ఆకు తోడు కావాలి. అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంట పెంచే నరమామిడి, అంటే మనం అశోక చెట్టని పిలిచేది, అలల అంచుతో ముదురు పచ్చగా ఉండి ఇందుకు బాగా కుదురుతుంది. మామిడాకు కూడా మంచిదే, కానీ లేత ఆకు కాకుండా గట్టిపడిన ముదురాకు తీసుకోవాలి. అరకు, పాడేరు వైపు వెళ్లివచ్చేవారు ఎవరైనా ఉంటే, కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ రాలుటాకులు కొన్ని తోటవారిని అడిగి తెప్పించుకోండి. ఫెర్న్ ఆకులా చీలికలు చీలికలుగా ఉండి, అడుగు వైపు వెండిరంగు మెరుపు ఉంటుంది. ఎండినా ఆకారం చెడదు. నాలుగైదు ఆకులను అడుగు వైపు పైకి కనిపించేలా పెడితే రాత్రి దీపం వెలుతురులో మంచు పడినట్టు ఉంటుంది.

కొమ్మలు తెచ్చిన సాయంత్రమే మొదళ్లను ఏటవాలుగా కోసి, రాత్రంతా బకెట్ నీళ్లలో నిలబెట్టి ఉంచండి. ఈ ఒక్క పని చేసిన రీత్‌కూ చేయని రీత్‌కూ మా ఇంట్లో నాలుగు రోజుల తేడా కనిపించింది.

కట్టే పద్ధతి

నేల మీద పాత దుప్పటి పరుచుకొని, ఎడమ పక్కన కొమ్మలు, కుడి పక్కన కత్తెర, పురికొస ఉండ పెట్టుకొని కూర్చోండి. కొమ్మలను ఆరేడు అంగుళాల రెమ్మలుగా కత్తిరించండి. ఐదారు సరుగుడు రెమ్మలు, ముందు వైపు రెండు నరమామిడి ఆకులు కలిపి, మొదళ్లు సమానంగా పట్టి దారంతో రెండు చుట్లు చుడితే ఒక కట్ట అవుతుంది. 12 అంగుళాల చట్రానికి రెండు అంగుళాలకు ఒకటి చొప్పున పంతొమ్మిది, ఇరవై కట్టలు పడతాయి. రెండు కట్టలు ఎక్కువే చేసి పెట్టుకోండి, చివర్లో ఖాళీలు పూడ్చడానికి అక్కరకొస్తాయి.

పురికొస కొసను చట్రానికి గట్టిగా ముడివేసి, ఆ తరువాత పని పూర్తయ్యేదాకా దారాన్ని తెంచకండి. మొదటి కట్టను చట్రం మీద కొంచెం ఏటవాలుగా పెట్టి, మొదలు మీద మూడుసార్లు చుట్టి బిగించండి. రెండో కట్ట ఆకులు మొదటి కట్ట మొదలును, దారాన్ని పూర్తిగా కప్పేలా రెండు అంగుళాలు కిందికి జరిపి పెట్టి మళ్లీ మూడు చుట్లు చుట్టండి. ఒక కట్టను లోపలి అంచు వైపు, తరువాతిదాన్ని నడుమకు, ఆ తరువాతిదాన్ని బయటి అంచు వైపు వాల్చుతూ పోతే వలయం అన్ని వైపులా నిండుగా వస్తుంది. ఏ దిశలో మొదలుపెట్టారో చివరిదాకా ఆ దిశలోనే వెళ్లాలి. నడుమ ఒక్క కట్ట తిరగబడినా దూరం నుంచి అక్కడే కన్ను ఆగుతుంది. దారాన్ని చుట్టిన ప్రతిసారీ బొటనవేలితో నొక్కిపట్టి లాగండి. ఇక్కడ చేతికి జాలి ఉండకూడదు. పచ్చికొమ్మ ఎండితే సన్నబడుతుంది, ఈ రోజు సరిపోయిందనిపించిన కట్టు వారానికి వదులవుతుంది.

ఆఖరి కట్ట దగ్గర చాలామంది తడబడతారు. మొదటి కట్ట ఆకులను ఎడమచేత్తో దువ్వెన పెట్టినట్టు పైకెత్తి పట్టుకొని, చివరి కట్ట మొదలును వాటి కిందికి దోపి, అక్కడ దారాన్ని చుట్టి, వెనక్కి తిప్పి చట్రానికి ముడివేయండి. ఎత్తిన ఆకులు వదలగానే అతుకు కనబడకుండా పోతుంది. పట్టుకొని ఒకసారి గట్టిగా దులపండి; ఊడేవి ఏమైనా ఉంటే ఇప్పుడే ఊడతాయి. తరువాత గోడకు తగిలించి ఆరడుగుల దూరం నుంచి చూసి, పలచగా ఉన్నచోట మిగిలిన కట్టలను దోపండి.

అలంకారం

సరుగుడు చెట్టు తన కాయలను కూడా ఇస్తుంది. గోలీ అంత ఉండే ఆ కాయలు చూడడానికి బుల్లి పైన్ కాయల్లా ఉంటాయి. ఏరి తెచ్చి రెండు మూడు రోజులు ఎండలో పెడితే గదులు తెరుచుకొని రెక్కల విత్తనాలు రాలిపోతాయి. దులిపి, ఐదేసి కాయలను సన్న తీగతో గుత్తిగా కట్టుకోండి. హోలీ కాయల ఎరుపు కోసం ఎండు మిరపకాయలు వాడి చూడండి. తొడిమల దగ్గర దారం కట్టి గుత్తులుగా వేలాడదీస్తే, పచ్చని సరుగుడు మీద అంతకంటే శోభనిచ్చే ఎరుపు నాకు కనబడలేదు. తేమకు మెత్తబడితే తీసి ఒకరోజు ఎండలో పెట్టి మళ్లీ కట్టవచ్చు. అయితే చిన్నపిల్లలకు అందే ఎత్తులో మాత్రం కట్టకండి.

గురివింద గింజల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. ఎర్రగా, నల్లమచ్చతో అందంగా ఉంటాయని కొందరు వాటిని దండలు గుచ్చి అలంకారానికి వాడతారు. వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంది. గుచ్చినప్పుడు పెంకు పగిలిన గింజను పిల్లవాడు నమిలితే అది ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి గుమ్మానికి అవి వద్దే వద్దు.

గంటలు, పూసలు కావాలంటే ఏటికొప్పాక లక్క బొమ్మల వారివి కొనండి. అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కకు సహజమైన రంగులు కలిపి చేసే ఈ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్ర, పసుపు రంగుల చిన్న వస్తువులు మూడు ఉన్నా రీత్‌కు మన ప్రాంతపు ముద్ర పడుతుంది. లక్కకు వేడి పడదు కనుక పడమటి ఎండ నేరుగా కొట్టే తలుపుకు కట్టకండి. విల్లు ముడికి కొత్త రిబ్బను కొనే ముందు బీరువాలో చూడండి. చినిగిన పట్టుచీర జరీ అంచు రెండు మీటర్లు దొరికితే దానికి మించినది లేదు. అలంకారమంతా అడుగున కానీ ఎడమ వైపు కింద కానీ ఒకేచోట ఉంచి మిగిలిన వలయాన్ని పచ్చగానే వదిలేయండి. అన్ని వైపులా సమానంగా గుచ్చితే పూల దుకాణంలో పెద్దాయన కట్టే రీత్‌ను గుర్తుచేస్తుంది. తెల్ల చామంతులను కూడా ఆ కారణంగానే నేను వాడను.

తగిలించడం

మన అపార్ట్‌మెంట్లలో చెక్క తలుపుకు బయట ఇనుప గ్రిల్ తలుపు ఉంటే పని సులువు. వెనక నుంచి మూడు చోట్ల పురికొసతో గ్రిల్‌కు కట్టేయండి, సముద్రపు గాలి ఎంత వీచినా ఊగదు. ఉత్త చెక్క తలుపైతే, అద్దె ఇంట్లో మేకు కొట్టకూడదు కనుక, వెడల్పాటి రిబ్బనులో రీత్‌ను వేలాడదీసి, రిబ్బను కొసలను తలుపు పైఅంచు మీదుగా లోపలి వైపుకు తెచ్చి, ఆ పైఅంచు మందంలోనే రెండు డ్రాయింగ్ పిన్నులు గుచ్చండి. బయటికీ లోపలికీ పిన్ను కనబడదు. రీత్ వెనక పాత బనియను గుడ్డ ముక్కను కుట్టి పెడితే తలుపు వేసినప్పుడల్లా పాలిష్ గీరుకుపోకుండా ఉంటుంది.

బల్ల మీది ఆగమన రీత్

దీనికి పెద్ద ఇత్తడి పళ్లెంలో అంగుళం మందాన కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి, నాలుగు లావుపాటి కొవ్వొత్తులను గుండ్రంగా నాటండి. కాథలిక్ ఇళ్లలో మూడు ఊదారంగువి, ఒకటి గులాబీరంగుది పెట్టి, గులాబీరంగుదాన్ని ఆనందానికి గుర్తుగా మూడో ఆదివారం నాడు వెలిగిస్తారు. నడుమ తెల్లదాన్ని క్రిస్మస్ రాత్రి వెలిగించడం కొన్ని ఇళ్లలో ఆనవాయితీ. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, ఇలా పెంచుకుంటూ పోవాలి.

సరుగుడు మంచి వంటచెరకు అన్న సంగతి ఇక్కడ మరచిపోకూడదు. ఎండిన రెమ్మకు నిప్పురవ్వ తగిలితే క్షణంలో అంటుకుంటుంది. కాబట్టి బల్ల మీది రీత్‌కు పచ్చి నరమామిడి, మామిడి ఆకులే వాడండి, ప్రతి ఆదివారం మార్చండి, కొవ్వొత్తి మంటకూ ఆకుకూ మధ్య ఎప్పుడూ మూడు అంగుళాలకు తగ్గని దూరం ఉంచండి. ఫ్యాను ఆపి వెలిగించండి, ప్రార్థన ముగిసి లేచేముందు ఆర్పండి. తలుపు రీత్‌కు సీరియల్ బల్బులు చుట్టాలనుకుంటే బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ సెట్టు మేలు.

కొనేవారికి

చేసుకునే తీరిక లేనివారికి జగదాంబ, ద్వారకానగర్ దుకాణాల్లో ప్లాస్టిక్ రీత్‌లు దొరుకుతాయి. కొనే ముందు తిరగేసి చూడండి. నడుమ తీగ రెండు పేటలుగా మెలితిప్పి ఉండాలి, అతుకు దగ్గర చేతికి గుచ్చుకోకూడదు. ఒక రెమ్మను వంచి వదిలితే వంచినచోటే నిలవాలి. గట్టిగా దులిపినప్పుడు పొట్టు రాలితే అది వచ్చే ఏడాదికి బోడి అవుతుంది. కాగితపు పెట్టెలో నొక్కి పెట్టినందున పలచగా కనిపించే వాటిని తోసిపుచ్చకండి; రెమ్మలను ఒక్కొక్కటిగా విప్పితే నిండుగా వస్తాయి. నా మాట వింటే అలంకారం లేని ఉత్త పచ్చని వలయాన్ని కొని, పైన చెప్పిన కాయలు, మిరప గుత్తులు, జరీ ముడి మీరే కట్టుకోండి. పచ్చి రీత్ కట్టించుకోవాలనుకుంటే పూల దుకాణంలో వారం ముందే చెప్పి, క్రిస్మస్‌కని, తలుపుకని, స్టాండు వద్దని, పూలు వద్దని నాలుగు మాటలూ విడివిడిగా చెప్పండి.

పండుగ దాకా, ఆ తరువాత

పచ్చి రీత్ మీద రోజూ ఉదయం ఎండ రాకముందు నీళ్లు చల్లండి. వెనక వైపు, మొదళ్ల మీద పడేలా చల్లితే ఎక్కువ ప్రయోజనం. సరుగుడు మొదట మెరుపు తగ్గి, తరువాత బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది. చేత్తో తాకితే సూదులు రాలడం మొదలైందంటే మార్చవలసిన సమయం వచ్చిందని అర్థం.

జనవరి 6న ముగ్గురు జ్ఞానుల పండుగ కాగానే రీత్ దించి, ముడి విప్పి, దారాన్ని వెనక్కి చుట్టుకుంటూ వస్తే కట్టలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఊడి వస్తాయి. ఎండిన కొమ్మలను మొక్కల పాదుల్లో పరచండి. చట్రాన్ని పొడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు ఎండలో ఉంచి, పురుగు పట్టకుండా ఎండు వేపాకు కలిపి పాత నూలుచీరలో చుట్టి అటక మీద పెట్టండి. కాయలు, లక్క గంటలు, జరీ అంచు ఒక డబ్బాలో వేసి ఆ మూటలోనే ఉంచితే, నవంబరులో దేనికోసం వెతుక్కోనక్కరలేదు.